మా వసారాలో ఎలక్ట్రాను పాఠం

ఆ అమ్మాయి మీద నాకు మొదటిసారి కడుపుమంట పుట్టింది ఒక నవ్వు వల్ల.

అప్పటికి మాకు పెళ్లయి చాలా ఏళ్లయింది. మా ఆయన బందరు కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. ముందు వసారా, వెనక పెరడు, పెరట్లో ఉప్పునీళ్ల బావి ఉన్న అద్దె ఇల్లు మాది. ఇంట్లో ఆయన, నేను, మా అత్తగారు. పిల్లలు లేరు. యుద్ధం ఇంకా మన దాకా రాని రోజులు. ఆ ఏడు బి.యస్సీ. తరగతిలో ఒకే ఒక్క ఆడపిల్ల ఉండేది. నాగాయలంక దగ్గర పల్లె ఆమెది. తండ్రి మిషను బడిలో పంతులు. మిషను వాళ్ల హాస్టల్లో ఉండి చదువుకునేది. మద్రాసు వెళ్లి పై చదువు చదవాలని ఆమె పట్టుదల. అందుకు కావలసినవి కొన్ని ఇక్కడి తరగతిలో చెప్పరట. మా ఆయన ఆదివారాలు ఇంటికి వచ్చి చెప్పించుకోమన్నారు. చర్చి అయి, భోజనాలయ్యాక, హాస్టలు ఆయాను తోడు తీసుకుని వచ్చేది. ఆయా వసారా చివర కొంగు పరుచుకుని ఒక కునుకు తీసేది. వీళ్లిద్దరూ బల్లకు అటొకరు ఇటొకరు కూర్చునేవారు.

ఒక ఆదివారం నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. ఆ అమ్మాయి గొంతు వినిపించింది.

"లెక్క ప్రకారం ఒకటే రావాలి కదండీ మాస్టారూ. మరి రెండు వస్తుందేమిటండీ?"

"ఆ సంగతి ఎలక్ట్రాన్నే అడగాలమ్మా," అన్నారు మా ఆయన. "కారణం చెప్పినవాళ్లు లేకపోలేదు. ఆ లెక్క నాకే సగం అర్థమైంది. మిగతా సగం నువ్వు మద్రాసులో చదివి వచ్చి నాకు చెప్పాలి."

ఇద్దరూ నవ్వారు. మా ఆయన నవ్వడం నాకు కొత్త కాదు. స్నేహితులొస్తే నవ్వుతారు, అత్తగారు చాదస్తంగా ఏదన్నా అంటే నవ్వుతారు. ఇది అలాంటి నవ్వు కాదు. చాలాకాలం ఒంటరిగా నడుస్తున్న మనిషికి దారిలో మాట్లాడేవాళ్లు దొరికితే వచ్చే నవ్వు. నేను కాఫీ పట్టుకుని వెళ్లేసరికి ఆగిపోయింది. నేను తిరిగి వంటింట్లోకి వచ్చాక మళ్లీ మాటలు మొదలయ్యాయి.

ఆ రెండు ఏమిటో నాకు తెలియలేదు. ఒకటి రావలసిన చోట రెండు వస్తే అందులో నవ్వడానికేముంది?

ఆ అమ్మాయి అందగత్తె అయితే నాకు తేలిగ్గా ఉండేదనుకుంటాను. అసూయకు ఒక పేరు పెట్టుకుని ఏడ్చేదాన్ని. ఆమె సన్నంగా, నల్లగా, పొడుగ్గా ఉండేది. తెల్ల నూలు చీర, గట్టిగా లాగి వేసిన జడ, చేతికి గాజులు కూడా లేవు. మా ఆయన ఆమె మొహం చూసి మాట్లాడినట్టు కూడా నాకు గుర్తులేదు. ఇద్దరి చూపూ బల్ల మీది కాగితం మీదే ఉండేది. నేను ఓర్వలేకపోయింది ఆ కాగితాన్నే.

నేనూ చదువుకున్నదాన్నే, కొంత. మాది దివిసీమ. అవనిగడ్డ అవతల చిన్న ఊరు. చల్లపల్లిలో మేనమామ గారింట్లో ఉండి థర్డ్ ఫారం దాకా చదివాను. లెక్కల్లో నన్ను దాటినవాళ్లు లేరు. ఫోర్తు ఫారం పుస్తకాలు కొన్నారు. అన్నిటికీ అట్టలు వేసుకున్నాను. ఈలోగా సంబంధం కుదిరింది. ఆ పుస్తకాలు మామయ్య కొడుకు వాడుకున్నాడు. దాని గురించి ఎప్పుడూ ఏడవలేదు. అందరికీ జరిగేదే నాకూ జరిగింది. కాని వసారాలో ఆ అమ్మాయి గొంతు విన్నప్పుడల్లా నా వేళ్లు ఊరికే ఉండేవి కావు. బియ్యం ఏరుతున్నదాన్ని రాళ్లు చేటలో ఉంచి బియ్యం పడేసేదాన్ని.

ఒకరోజు భోజనాల దగ్గర అడిగాను.

"ఏమండీ, ఆ రెండు ఏమిటి?"

"ఏ రెండు?"

"మొన్న ఆ అమ్మాయి అడిగింది. ఒకటి రావాలి, రెండెందుకొచ్చిందని."

ఆయన మెత్తగానే అన్నారు. "అది స్పిన్ సంగతిలే. చెప్పినా నీకు అర్థం కాదు."

విసుక్కుని ఉంటే బాధపడేదాన్ని కాదు. జ్వరమొచ్చిన పిల్లకు చెప్పినట్టు చెప్పారు.

మా అత్తగారు ఉన్నంతకాలం ఆ అమ్మాయికి వేరే గ్లాసు ఉండేది. వసారా గూట్లో పెట్టేవాళ్లం. ఆమె కాఫీ తాగి, పెరటి వైపు తిరిగి వెళ్లి, కడిగి, గూట్లో బోర్లించి వచ్చి కూర్చునేది. ఆ మధ్యలో కూడా లెక్క ఆలోచిస్తూనే ఉండేది. ఒక్కసారైనా మొహం ముడుచుకుంటుందేమోనని చూసేదాన్ని. ముడుచుకునేది కాదు. ఆ గ్లాసు వ్యవహారం కన్నా పెద్దది ఏదో తన చేతిలో ఉన్నదానిలా ఉండేది. అదీ నాకు గిట్టేది కాదు.

తర్వాత రెండు ఆదివారాలు వాళ్లకు ఒక లెక్క తెగలేదు. బలమైన అయస్కాంతం మధ్య ఎలక్ట్రాను ఉంటే దాని శక్తి ఎంత మారుతుంది అనేది లెక్క. సూత్రం మా ఆయనే చెప్పారు. ఆ అమ్మాయి కట్టిన జవాబు పుస్తకంలో జవాబుకు ఎక్కడా పొంతన లేదు. కాస్తో కూస్తో తేడా కాదు. మూడు పక్కన పది సున్నాలు పెడితే ఎంతో అన్ని రెట్లు ఎక్కువ వచ్చింది.

"హెచ్చవేతలో ఎక్కడో జారావమ్మా," అన్నారు ఆయన.

"లేదండీ. మళ్లీ చేశాను."

"అయితే ఇంకోసారి చెయ్యి."

ఆమె మళ్లీ చేసింది. మళ్లీ అదే. ఆ రెండు ఆదివారాలూ నేను ఎంత హాయిగా ఉన్నానో చెప్పలేను. కాఫీ కూడా చిక్కగా ఇచ్చాను.

మూడో ఆదివారం ఆమె గుమ్మంలోనే, ఇంకా కూర్చోకుండానే చెప్పేసింది. "తప్పు దొరికిందండీ. మీరు సూత్రం ఇంగ్లీషు వాళ్ల పుస్తకంలోంచి చెప్పారు. ఎలక్ట్రాను మీద చార్జి విలువ నేను జర్మను పుస్తకం వెనక పట్టీలోంచి తీసుకున్నాను. రెండింటి కొలతలు వేరండీ."

లోపల నేను గుమ్మం పక్కన గోడకు ఆనుకుని ఉన్నాను. కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత మా ఆయన గొంతు.

"అవునమ్మా. నాకు తట్టలేదు సుమా."

అన్నేళ్ల సంసారంలో ఆ మాట ఆయన నాతో అనలేదు. ఇంట్లో వస్తువు ఏది ఎక్కడ పెట్టి మరిచిపోయినా, ఎవరికి చెప్పాల్సింది చెప్పకపోయినా, ఆయనకు తట్టకపోవడమనేది ఉండేది కాదు. నేను గుర్తుచెయ్యకపోవడమే ఉండేది. ఆ మాట ఆయన దగ్గర ఉందనే నాకు తెలియదు. ఎంత సులువుగా, ఎంత సంతోషంగా ఇచ్చేశారు ఆ పిల్లకు. నేను పెరట్లోకి వెళ్లి, ఆరిన బట్టలు ఆరలేదనుకుంటూ మళ్లీ దులిపి ఆరేశాను.

ఆ వారమే గుడివాడలో మా అక్కయ్య కూతురికి పురుడొచ్చింది. సాయానికి వెళ్లాను. బాలింతరాలికి కాయం మందు నూరుతూ అక్కయ్యతో ఈ సంగతి అన్నాను.

అక్కయ్య లోకం తెలిసిన మనిషి. ప్లీడరు గుమాస్తా భార్య. ఒక్కొక్కటే అడిగింది.

"మరిదిగారు తేడాగా ఉన్నారంటావా?"

"లేదు."

"ఆ పిల్ల?"

"పాపం, అదేం లేదు."

"మరి నీ ఏడుపేమిటే?"

"వాళ్లు మాట్లాడుకునేది నాకు తెలియడం లేదు."

అక్కయ్య నావైపు వింతగా చూసింది. "మీ బావగారి కోర్టు సంగతులు నాకేం తెలుసు? తెలిసి చేసేదేముంది? చూడూ, మీ అత్తగారి చెవిన ఒక్క మాట వెయ్యి. ఇంట్లో చదువులేమిటి, నలుగురూ ఏమనుకుంటారు అని. వచ్చే వారం నుంచి రాదు. నీ చేతికి మట్టంటదు."

రైల్లో తిరిగి వస్తూ దారి పొడుగునా ఆ మాటే అనుకున్నాను. అత్తగారి దాకా ఎందుకు, నేనే చెబుతాననుకున్నాను. ఎలా అనాలో కూడా కుదుర్చుకున్నాను. 'ఇక నుంచి పాఠం కాలేజీలోనే చెప్పించుకో అమ్మాయ్, ఇంట్లో పెద్దవాళ్లకు ఇబ్బందిగా ఉంది.' మర్యాదగానే ఉంది. ఎవరూ తప్పు పట్టలేరు.

ఆదివారం మా ఆయనను ప్రిన్సిపాలు గారు ఏదో పరీక్షల పని మీద పిలిపించారు. అత్తగారు భోంచేసి నడుం వాల్చారు. ఆ అమ్మాయి వేళకు వచ్చింది. మాస్టారు లేరని చెప్పాను.

"అయితే వెళ్తానండి అమ్మగారూ. వచ్చే వారం వస్తానని చెప్పండి."

నేను అనాల్సిన మాట అప్పుడే అనాలి. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఆ రెండు ఏమిటి అమ్మాయ్?"

ఆమె నావైపు చూసింది. ఏ రెండు అని అడగలేదు. చెప్పులు విడిచి, బల్ల దగ్గర కాక, నా ముందు వసారా గచ్చు మీద కూర్చుంది.

"బొంగరం తెలుసు కదండీ," అంది. "ఎలక్ట్రాను అలా తన చుట్టూ తాను తిరుగుతుందనుకున్నారు. దాని మీద విద్యుత్తు ఉంది. విద్యుత్తు తిరిగితే అయస్కాంతమవుతుంది. అంటే ప్రతి ఎలక్ట్రానూ ఒక చిన్న అయస్కాంతం."

"నిజంగా తిరుగుతుందా?"

"అదే చిక్కండీ. నిజంగా బొంగరంలా తిరగదట. చెప్పడానికి తేలిక అని బొంగరం అంటారు. కాని బొంగరం లెక్క కట్టి, దాని అయస్కాంతం ఇంత ఉండాలి అనుకుంటే, కొలిచినప్పుడు దానికి రెట్టింపు వస్తోంది. మీరడిగిన రెండు అదేనండి."

నేను ఆ మాట మనసులో ఒకసారి తిప్పుకున్నాను. ఒకటి ఉండాలి, రెండుంది, ఎందుకో మా ఆయనకు కూడా సగమే తెలుసు. అందుకే నవ్వారు. నాకు నవ్వు రాలేదు గాని ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది.

ఆమె సంచీలోంచి దిక్సూచి తీసింది. మా ఆయన బల్ల మీద ఎప్పుడూ ఉండే అయస్కాంతపు కడ్డీ తెచ్చి దాని పక్కన పెట్టింది. ముల్లు గిర్రున తిరిగింది. "ఈ ముల్లును వేలితో ఎటు కావాలంటే అటు, ఎంత వాలుగా కావాలంటే అంత వాలుగా పట్టుకోవచ్చు. ఎలక్ట్రాను అలా కాదండీ. కొలిచి చూస్తే అయస్కాంతం వైపైనా ఉంటుంది, దానికి ఎదురుగా అయినా ఉంటుంది. నడిమధ్యన దొరకదు. ఒక తీరు నుంచి రెండో తీరుకు మారడానికి కొంచెం శక్తి కావాలి. ఆ కొంచెం ఎంత అన్నదే మా లెక్క."

"మరి పది సున్నాల తప్పెలా వచ్చింది?"

ఈసారి ఆమెకు నవ్వొచ్చింది. నేను తలుపు చాటున వింటున్నానని తెలిసిపోయింది కాబోలు.

"మీదీ దివే కదండీ. మన వైపు కుంచం, బందరు బజార్లో కుంచం ఒకటేనా?"

"కాదు. మనది పెద్దది."

"పేరు ఒకటే. కొలత వేరు. మన ఊళ్లో పది కుంచాలని చెప్పి బందర్లో పది కుంచాలు పోస్తే ఎవరో ఒకరు మోసపోతారు. విద్యుత్తు కొలవడానికీ అలాగే రెండు కుంచాలున్నాయండి. రెండు చార్జీలు ఒకదాన్నొకటి నెట్టుకోవడాన్ని బట్టి కొలిచేది ఒకటి. తీగలో పారే విద్యుత్తు అయస్కాంతం మీద చేసే పనిని బట్టి కొలిచేది ఇంకొకటి. రెండో కుంచం చాలా పెద్దది. ఎంత పెద్దదంటే, వెలుతురు ఒక సెకండులో ఎన్ని సెంటీమీటర్లు పోతుందో అన్ని రెట్లు."

"వెలుతురుకూ దీనికీ ఏం సంబంధం?"

"అలా అడగడానికి నాకు ఏడాది పట్టిందండీ," అంది ఆమె. ఆ జవాబు పెద్దదని, ఆ పూటకు లెక్క చూద్దామని అంది.

నేను పలక తెచ్చాను. అత్తగారు పాలవాడి లెక్క గీసుకునే పలక. గీతలు తుడిచేశాను. ఆమె విలువలు చెప్పింది, నేను హెచ్చవేశాను. పదికి పై అంకె వేసి సున్నాలన్నీ ఒకచోట చుట్టేసే పద్ధతి నాకు కొత్త. ఒక్కసారి చూపించింది, చాలు. చేతివేళ్లకు సుద్ద అంటుకుని, కొంగుకు అంటి, ఎన్నాళ్ల తర్వాతో నా మనసు ఒక్క దారిన నడిచింది. మధ్యలో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. జవాబు రాగానే తన కాగితం తీసి పక్కన పెట్టింది. రెండూ ఒకటే.

అప్పుడైనా నాకు ఆమె మీద ప్రేమ పుట్టాలి. కొంత పుట్టింది కూడా. అయినా ఆమె లేచి, ఆయాను లేపి, వీధి మలుపు తిరిగి వెళ్తుంటే చూస్తూ అనుకున్నది ఇదీ: ఈ పిల్లకు రేపు కూడా ఇదే పని. నాకు రేపు అప్పడాల పిండి.

మర్నాడు మా ఆయన పప్పన్నం కలుపుకుంటుంటే అన్నాను.

"మీరు సూత్రం ఒక పుస్తకంలోంచి చెప్పారట. విలువ ఆ అమ్మాయి ఇంకో పుస్తకంలోంచి తీసుకుందట. ఇంగ్లీషు పుస్తకం కొలతలో చేస్తే సరిగ్గానే వస్తుంది."

కలుపుతున్న చెయ్యి ఆగింది. "ఎవరన్నారు?"

"నేను చేశాను."

"ఎంత వచ్చింది?"

చెప్పాను.

"పాయింటు తర్వాత సున్నాలెన్ని?"

"పదిహేను."

ఆయన కాసేపు నా మొహం చూశారు. "ఊఁ," అన్నారు. తర్వాత పప్పు మారు అడిగారు.

తర్వాతి ఆదివారం ఆ అమ్మాయితో అన్నారట, 'మా ఇంట్లో కూడా ఒక స్టూడెంటు తయారైంది' అని. అన్నారట ఏమిటి, నేను వింటూనే ఉన్నాను. ఆమె వెంటనే, "అమ్మగారు నాకంటే తొందరగా పట్టుకున్నారండీ," అంది. అది నిజమో, మర్యాదో తెలియదు. అలా ఎదుటివాళ్లకు తీసి ఇచ్చెయ్యగలగడం, తన దగ్గర ఇంకా బోలెడు ఉందన్న ధీమా ఉన్నవాళ్లకే చేతనవుతుంది. దానికీ ఓర్వలేకపోయాను.

అయినా ఆ రోజు నుంచి గుమ్మంలో కూర్చోవడం మొదలుపెట్టాను. చేతిలో ఏదో ఒక పని ఉండేది, అత్తగారి కోసం. చాలా మటుకు తెలిసేది కాదు. తెలిసినంత తెలిసేది. తెలియనిచోట ఆ అమ్మాయి కావాలనే మా ఆయనను తేలిక ప్రశ్న ఒకటి అడిగేది. అది నా కోసమని మా ఆయనకు తెలియలేదు.

పరీక్షలయ్యాయి. ఆమెకు మద్రాసులో సీటు వచ్చింది. మా ఆయన ఊరంతా చెప్పుకున్నారు. స్టేషనుకు మేమిద్దరం కూడా వెళ్లాం. తండ్రి, ఇద్దరు తమ్ముళ్లు దివి నుంచి వచ్చారు. ఒక రేకు పెట్టె, చుట్టిన పరుపు, ఆమె. కిటికీ దగ్గర కూర్చుని అందరికీ సమాధానం చెబుతోంది గాని మనసు అప్పటికే వెళ్లిపోయింది. అది ఆమె కళ్లలో కనిపిస్తోంది. రైలు కదలగానే నాకు ఏడుపొచ్చింది. ఆమె తండ్రి నన్ను చూసి, "మా అమ్మాయంటే తమకెంత అభిమానమండీ," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. అభిమానం కాదది. ఆ కిటికీ పక్కన నేను కూర్చోవలసింది అని ఏడ్చాను. ఇన్నాళ్లూ నా మొగుడి కోసం అసూయ అనుకున్నది మొగుడి గురించి కానే కాదని ఆ ప్లాటుఫారం మీద తెలిసింది. తెలిసినందువల్ల తగ్గలేదు. పైగా ఎక్కువైంది. మొగుడి గురించైతే అక్కయ్య చెప్పిన ఉపాయం ఉంది. దీనికి ఉపాయం లేదు.

మా ఆయనను నాకు పాఠం చెప్పమన్నాను. కాదనలేదు. కొన్ని వారాలు చెప్పారు. ఆ అమ్మాయికి చెప్పినట్టు చెప్పలేకపోయారు. నేను ప్రశ్న అడిగితే ముందు నవ్వేవారు, తర్వాత చెప్పేవారు. ఆమె అడిగితే ముందు ఆలోచించేవారు. ఒకరోజు పేపర్లు దిద్దాలన్నారు, ఒకరోజు ఒంట్లో బాగాలేదన్నారు. అలా ఆగిపోయింది. నేను మళ్లీ అడగలేదు.

తర్వాత యుద్ధం మా సముద్రం దాకా వచ్చింది. బాంబులు పడతాయని బందరు సగం ఖాళీ అయింది. మేమూ గుడివాడలో అక్కయ్య ఇంటికి చేరాం. అత్తగారు అక్కడే పోయారు. అక్కడ అక్కయ్య పెద్ద మనవరాలికి, పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. ఎవరూ చెప్పమనలేదు, ఎవరూ వద్దనలేదు.

మేము బందరు తిరిగి వచ్చిన కొన్నాళ్లకు ఆమె మమ్మల్ని చూడటానికి వచ్చింది. మద్రాసులో ఆడపిల్లల కాలేజీలో చెబుతోంది. కళ్లజోడు వచ్చింది. కొంచెం ఒళ్లు చేసింది. మా ఆయనతో చాలాసేపు మాట్లాడింది. ఇప్పుడు కొందరు సెంటీమీటర్లు, గ్రాములు మానేసి మీటర్లు, కిలోగ్రాముల్లో అన్నీ మార్చెయ్యాలంటున్నారట. ఆయన, "నేను రిటైరయ్యాక మార్చుకోమను," అన్నారు. నేను వింటున్నాను. వాళ్ల మాట ఆగినప్పుడు అడిగాను.

"నువ్వు చూశావా? అయస్కాంతంలో పెడితే ఏమవుతుందో?"

"చూశానండీ," అంది. "మద్రాసు లాబొరేటరీలో నా అంత ఎత్తు అయస్కాంతం ఉంది. దాని మధ్య ఉప్పు చల్లిన మంట పెట్టాం. పసుపు వెలుతురు. దాన్ని ఒక పరికరంలో విడదీసి చూస్తే మామూలుగా దగ్గర దగ్గరగా రెండు గీతలుంటాయి. అయస్కాంతానికి కరెంటు ఇవ్వగానే ఒక గీత నాలుగైంది. పక్క గీత ఆరైంది. పాతకాలం లెక్కలో ఒక్కొక్కటీ మూడే కావాలి. స్పిన్ లేకపోతే ఆ నాలుగూ ఆరూ రావండి."

"ఎలా అయింది? ఒక్కసారా?"

"మెల్లిగా కరెంటు పెంచితే మెల్లిగా జరుగుతాయి. ముందు గీత లావెక్కినట్టుంటుంది. తర్వాత మధ్యలో చీకటి కనిపిస్తుంది. అప్పుడు ఇంక కన్ను తీయబుద్ధి కాదు."

ఆమె చెబుతుంటే నేను ఆమె కళ్లజోడు వెనక కన్నునే చూస్తూ ఉన్నాను. ఆ కన్ను అది చూసింది.

"మాస్టారూ, అమ్మగారిని తీసుకుని మద్రాసు రండి. నేను చూపిస్తాను," అంది లేస్తూ.

"వేసవి సెలవుల్లో వస్తాం," అన్నారు మా ఆయన.

ఆ వేసవికి ఆయనకు టైఫాయిడ్ వచ్చింది. కోలుకోవడానికి వానాకాలమైంది. మరుసటేడు ఆమె ఉత్తరాదికి ఎక్కడికో ఉద్యోగం మీద వెళ్లింది. మేము మద్రాసు వెళ్లాం, కాని చాలా ఏళ్ల తర్వాత, ఆయన కళ్ల ఆపరేషనుకు. ఆసుపత్రి నుంచి బయటికి వచ్చి, ఆ లాబొరేటరీ ఎటువైపో ఎవరినైనా అడుగుదామనుకున్నాను. ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాల్సి ఉంది. అడగలేదు.